టోంగాకి మాటేది?

షెర్లాక్ హోమ్స్ అందరికీ తెలుసు. టోంగా ఎవరికి గుర్తు? 1890లో కోనన్ డాయల్ రాసిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో హంతకుడతను, అండమాన్ ఆదివాసి. చిన్న పాదముద్ర చూసి హోమ్స్ గెజెటీర్ తెరుస్తాడు: వికృత రూపాలట, మనుషుల్ని తింటారట! జాతి తెలిస్తే చాలు, నేరం తేలిపోయింది. అండమాన్ వాళ్ల ఆయుధం విల్లంబులైతే, డాయల్ అతని చేతికి విషపు ముళ్లూదే గొట్టం ఇచ్చాడు. అతని తోడుదొంగ, తెల్ల ఖైదీ స్మాల్‌కి తన గోడు చెప్పుకోడానికి ఒక అధ్యాయమంతా దొరికింది. టోంగాకి ఒక్క మాటా లేదు, థేమ్స్ నది మీద తూటాలే దక్కాయి.

వట్టి కథే కదా అనొచ్చు. కానీ తెల్లదొరలు 1871లోనే క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేశారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చి, మన ఎరుకలోళ్లని పుట్టుదొంగలుగా రాసుకున్నారు. ఠాణాలో హాజరు వేయించుకోవాలి (నేను బడిలో వేసే హాజరు కాదది). ఎక్కడ దొంగతనం జరిగినా, హోమ్స్ గెజెటీర్ తెరిచినట్టే పోలీసోళ్లు ఆ రిజిస్టరు తెరిచేవాళ్లు.