ఓడిన ఆడపిల్లకును చోటు

గడచిన వారము చింతామణిలో నొక నిశ్చితార్థపు విందులో పెండ్లికూతురి తండ్రి, "పెండ్లి కుదిరినది గదా, అమ్మాయికి జూడో మాన్పించితిమి" అని తృప్తిగా పలుకుట విని నా మనస్సు మిగుల నొచ్చినది. మన సీమలో గరిడీలు మగవారి సొత్తుగానే మిగిలిపోయినవి. ఆ క్షణమున నాకు తోచిన ప్రత్యుత్తరము జపాను జూడో క్రీడాకారిణి రియోకో తానీ (వివాహమునకు పూర్వము రియోకో తమురా) జీవితము.

ఆ జీవితమునకు దారి తీర్చినది మరొక స్త్రీ పోరాటము. 1959లో న్యూయార్కు రాష్ట్రమునందు రస్టీ కానొకోగి యను స్త్రీ పురుషుల జూడో జట్టులో నిలిచి గెలిచియు, స్త్రీ యని తెలియగానే పతకమును తిరిగి యిచ్చివేయవలసి వచ్చినది. ఆమె పూనికతోనే 1980లో న్యూయార్కు నగరమున స్త్రీల తొలి ప్రపంచ పోటీలు జరిగినవి. 1992లో బార్సిలోనాయందు స్త్రీల జూడోకు ఒలింపిక్ పతకములు లభించునాటికి, 48 కిలోల తరగతిలో రజతము గెలిచిన రియోకో తమురాకు 16 ఏండ్లు. ఆపై నాలుగేండ్లు ఓటమి నెరుగని యామెను 1996 అట్లాంటా తుదిపోరులో ఉత్తర కొరియా బాలిక కే సున్ హుయి జయించినది. 2000 సెప్టెంబరు 16న సిడ్నీలో తమురాకు స్వర్ణము దక్కగా, ఆమెవలెనే 1975లో జన్మించిన మన శ్రీకాకుళపు కరణం మల్లీశ్వరి, మూడు దినముల పిమ్మట ఆ నగరముననే 240 కిలోలెత్తి కాంస్యము గైకొన్నది. వివాహానంతరము తానీ యను పేర 2004లో ఏథెన్సున మరల స్వర్ణము, తల్లియైన పిమ్మట 2007లో ఏడవ ప్రపంచ విజేతృత్వము, 2008లో బీజింగున కాంస్యము. పెండ్లితో ఆట ముగియవలెనను వారికి ఇంతకు మించిన సమాధాన మేమి కావలెను?

అయినను ఈ సమాధానము నాకే చాలలేదు. విజేతను చూపి వాదించినచో, గెలువగల కుమార్తెకు మాత్రమే సాధన తగునని యొప్పుకొన్నట్లగును. జూడోలో గురువు మొట్టమొదట నేర్పునది ప్రత్యర్థిని పడద్రోయుట కాదు; గడ్డమును రొమ్మునకు చేర్చి, చేతితో చాపను చరచి, దెబ్బ తగులకుండ తాను పడుట. ఆ ధైర్యము, ఒడలిపై ఆ స్వాధీనము, ఒక్క పతకమైనను తేలేని బాలికకును సమానముగా సంక్రమించును. వాటి యవసరము పెండ్లితో తీరునదియు కాదు.

కావున బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురముల తల్లిదండ్రులారా, మీ కుమార్తె గెలుచునా యని యడుగకుడు. ఆమెకు ఇష్టమైనచో, పెండ్లికి పూర్వమును పిమ్మటను, సాధనకు పోనిండు.