స్టీరింగు పక్కన గేరు

అంబాసిడర్ గేరు ఒకపట్టాన పడకపోతే 'ముసలి బండి, అంతేలెండి' అని పెదవి విరిచేవారికి ఆ బండి సంగతి తెలియదు. చాలాసార్లు అరిగేది గేరుబాక్సు కాదు, స్టీరింగు గొట్టం వెంట దిగే లింకుల్లోని చిన్న చిన్న బుష్‌లు.

ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ను హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో అంబాసిడర్‌గా మలిచింది. 2014 మేలో ఉత్పత్తి ఆగింది. గేర్ రాడ్డు స్టీరింగు పక్కన ఉండబట్టే ముందు సీటు బల్లలా సాగి, డ్రైవరు పక్కన ఇద్దరు హాయిగా కూర్చునేవారు.

ఆ ఒక్క రాడ్డు రెండు పనులు చేస్తుంది. స్టీరింగు చక్రం వైపు లాగినా, అవతలికి తోసినా ఏ జత గేర్లు కావాలో ఎంచుతుంది. పైకో కిందికో తిప్పితే ఎంచిన గేరును పట్టిస్తుంది. ఈ రెండు కదలికలనూ ఇంజను పక్కనుంచి గేరుబాక్సు దాకా విడివిడి లింకులు మోస్తాయి. కీలు కీలుకూ ఒక పిన్ను, ఒక బుష్. ఒక్కోచోట వెంట్రుకవాసి అరిగినా, అన్నీ కలిసి చేతి దగ్గరికొచ్చేసరికి రాడ్డు ఊగులాడుతుంది.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాతతరం మేస్త్రీల పనితనం ఇక్కడే చూడాలి. ఇంజను ఆపి ఒక చేత్తో రాడ్డు కదుపుతూ, రెండో చేత్తో లింకులను తడుముతూ, ఏ కీలు పోయిందో ఇట్టే చెబుతారు! విప్పడానికి ముందు బ్యాటరీ తీగ తీస్తారు, హారన్ తీగలు ఆ గొట్టంలోనే ఉంటాయి కనుక. తిరిగి అదే చోట అమర్చేందుకు షాఫ్టుకూ లీవరుకూ అడ్డంగా ఒక గీత గీస్తారు. స్ప్లిట్ పిన్నులు లాగి, వాషర్లూ స్ప్రింగులూ వచ్చిన వరుసలోనే గుడ్డ మీద పరుస్తారు. ఒక్క వాషరు తారుమారైనా రాడ్డు బిగుసుకుపోతుంది, లేదా గలగలలాడుతుంది. కిరసనాయిలుతో కడిగాక అసలు రోగం బయటపడుతుంది: గుండ్రటి రంధ్రం కోలగా సాగి ఉంటుంది. దాన్ని వెల్డింగుతో పూడ్చి, మళ్లీ తొలిచి, లేతు మీద ఇత్తడి బుష్ తిప్పి, గ్రీజు రాసి ఎక్కిస్తారు.

బిగించేటప్పుడు రాడ్డూ గేరుబాక్సూ రెండూ న్యూట్రల్‌లో ఉండాలి. లింకు పొడవు సరిచేశాక పిన్ను వేలితో నెడితే దూరాలి. సుత్తి అవసరమైందంటే కొలత తప్పినట్టే. ఇంజను ఆపి ఉండగానే రివర్సుతో సహా అన్ని గేర్లూ వేసి చూశాకే లాక్‌నట్టు బిగిస్తారు.

ఇలాగే స్టీరింగు పక్కన గేరున్న ప్రీమియర్ పద్మిని కారు అభిమానులు తమ రాడ్డే మెత్తన అంటారు. కావచ్చు. కాని సరిగ్గా అమరిన అంబాసిడర్ రాడ్డు గేరులో పడినప్పుడు చేతికి కలిగే నమ్మకం వేరు.

ఇంత విద్యను వదిలేసి ఇప్పుడు జరుగుతున్నదేమిటి? నాసిరకం ప్లాస్టిక్ బుష్‌లు వేసి, నాలుగు రోజులకే అవి నలిగిపోతే 'ఈ పద్ధతే దండగ' అని తీర్పు చెప్పడం! అంతకన్నా ఘోరం, పాత బండి నేలను కోసి వేరే బండి గేర్ రాడ్డు దించడం. 1990లలో కంపెనీయే ఇసుజు ఇంజనుతో నేల గేరు ఇచ్చింది, నిజమే. అది లెక్కగట్టి చేసిన మార్పు. 1960ల నాటి బండి పొట్టకు కట్టరు పెట్టడం మరమ్మతు ఎలా అవుతుంది?

పాత అంబాసిడర్ ఉన్నవారు దయచేసి ఆ కోత ఆపించాలి. ఇప్పటికే విప్పేసిన షాఫ్టులనూ లింకులనూ తుక్కుకు వేయకుండా దాచాలి. బుష్‌ల కొలతలు మేస్త్రీల చేత కాగితం మీద గీయించి లేతు పనివారికివ్వాలి. ఐటీఐలు ఒక పాత స్టీరింగు గొట్టాన్ని బల్లకు బిగించి, పిల్లల చేత విప్పించి, మళ్లీ బిగింపజేయాలి. ఆ మేస్త్రీలు ఇంకా షెడ్డుకు వస్తుండగానే ఈ పని జరగాలి.