ఆముక్తమాల్యదయందలి కలమాన్నము, ఆరికకూడు

ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమునందలి రాజనీతిప్రకరణము పండితులకుఁ గొత్తది కాదు. యామునాచార్యుఁడు రాజ్యమును విడిచి పోవుచుఁ గుమారునకుఁ జేసిన యుపదేశముగాఁ గృష్ణరాయలు దానిని సంతరించెను. మంత్రులు, దుర్గములు, చారులు, దండయాత్రలు మొదలగువానిం గూర్చిన పద్యములు తఱచుగా నుదాహరింపఁబడుచుండును. ఒక రాజ్యము తన కూడును దానే పండించుకొనుట యెట్లు అను ప్రశ్నకు నీ కావ్యమున నెట్టి సమాధానము కలదో విడిగా విచారింపఁదగియున్నది. ఆ సమాధానము నీతిపద్యములలో సగమును, ఋతువర్ణనమున సగమును దాఁగియుండుటయే యిందలి విశేషము.

మొదట నీతిపద్యము. అర్థసిద్ధికి దేశవైశాల్యము మూలమని యంగీకరించుచునే, భూమి కొంచెమైనను గుంటలు, కాలువలు నిర్మించి, పేదకు అరికోరుల విషయమున నయము చూపి ప్రబలఁ జేసినచో అర్థమును ధర్మమును రెండును బెరుగునని కవి చెప్పెను. 1514లో నుదయగిరిని, 1515లోఁ గొండవీటిని బట్టుకొన్న విజేత నోట నీ మాట వచ్చుట గమనింపఁదగినది. పొరుగునేల గెలుచుట యొక త్రోవ, ఉన్న నేలకు నీరు దెచ్చుట వేఱొక త్రోవ. రెండవదానికిఁ బన్ను సడలింపు తోడు కావలెను. నీరు మాత్రమే యిచ్చి పన్ను బిగించిన రాజు ఈ పద్యమును సగమే చదివినవాఁడగును.

ఇది పుస్తకముననే నిలిచిన నీతి కాదు. నాగలాపురసమీపమున రాయలు కట్టించిన పెద్ద చెఱువును డొమింగో పేస్ అను పోర్చుగీసువాఁడు పని జరుగుచుండఁగనే చూచి, 15 మొదలు 20 వేలమంది చీమలవలెఁ గ్రమ్ముకొని పని చేయుచుండిరని వ్రాసెను. తరువాత వచ్చిన ఫెర్నావో నూనిజ్ మఱియొక ముఖ్యవిషయమును దెలిపినాఁడు. ఆ నీటితోఁ దడియు భూములను రాయలు ప్రజలకుఁ దొమ్మిదేండ్లవఱకుఁ బన్ను లేక యిచ్చెననియు, భూములు బాగుపడిన పిదప 20,000 వరాల యాదాయము వచ్చెననియు నాతని లేఖనము. పద్యమున నయమని చెప్పఁబడినదానికిఁ గాలపరిమాణము నూనిజ్ వ్రాతవలనఁ దెలియుచున్నది. నూనిజ్ గుఱ్ఱముల బేరగాఁడు. చెఱువుతో నాతనికిఁ బనిలేదు. కావుననే యాతని సాక్ష్యమునకు బలమెక్కువ.

గుఱ్ఱములనఁగా రేవులను గూర్చిన పద్యము స్మరణకు వచ్చును. రేవులను బాగుచేసి, వాణిజ్యమును బోషించి, గుఱ్ఱములు, ఏనుఁగులు, మణులు, చందనము, ముత్యములు మొదలగునవి దేశమునకు వచ్చునట్లు చేయవలెనని రాయలు బోధించెను. ఈ పట్టికలో ధాన్యము లేదు. మొదలగునవి యనుటలో ధాన్యమును జేర్చుకొనరాదా యని యొకరు శంకింపవచ్చును. చేర్చుకొనవచ్చును, మౌనమునుబట్టి సిద్ధాంతము చేయుట యెన్నఁడును భద్రము కాదు. అయినను రాజు శ్రద్ధతోఁ బేరుపెట్టి చెప్పినవన్నియు యుద్ధమునకో భోగమునకో చెందినవి. కూటికిఁ గావలసినది గుంటలు, కాలువలు చెప్పిన పద్యమునఁ బడినది. కొనఁదగినది, పండింపఁదగినది అను విభాగము కవిమనస్సున నుండెనని యూహించుట యసంగతము కాదు.

ఇంతవఱకు మాగాణి మాట. రాయల రాజ్యమున విశాలభాగము మెట్ట. దానికిఁ జెఱువు లేదు, కాలువ లేదు, వానయే దిక్కు. ఆ మెట్టరైతునకు నీతిప్రకరణమునఁ బ్రత్యేకముగా నొక పద్యమైనను లేకుండుట లోపమే. అతఁడు కనఁబడు చోటు అదే యాశ్వాసమునందలి వర్షర్తువర్ణనము. జడివానలో రెడ్లు గురుగు, చెంచలి, తుమ్మి, లేఁదగిరిస, చింతచిగురు కలిపి నూనెతో వండిన కూరతోఁ బొగలు గ్రక్కు నారికకూడు తిని, మేకయెరువు కుంపటి ప్రక్క మంచమెక్కి, దూడలు మేను నాకుచుండ సుఖించుట యందు వర్ణితము. స్వభావోక్తికి మేలైన యుదాహరణమని చెప్పి విడువఁదగిన పద్యము కాదిది. ఆ సుఖమును జెప్పుటకుఁ గవి వాడిన పదము ప్రభుత్వము. సింహాసనముపైఁ గూర్చుండినవాఁడు ఆరికకూడు తినువానికా పదము నిచ్చినాఁడు. శ్రీనాథుని పేరఁ బ్రచారములోనున్న చాటువులలోఁ బలనాటి జొన్నకూటిపైఁ గల యేవగింపుతో దీనిం బోల్చి చూచిన, నాస్థానకవి నాలుకకును రాజకవి చూపునకును గల భేదము తెలియును.

ప్రథమాశ్వాసమున విష్ణుచిత్తుని యింటి విస్తరి వేఱు. అదియు వానకాలమే. ఇల్లాలికిఁ బొగ సోఁకకుండఁ గొబ్బరిచిప్పలు మంటఁబెట్టి వండిన కలమాన్నము, ఒలిచిన పప్పు, నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, నేయి. కలమ మనఁగా మేలిజాతి వరి. అది నీటినేల పంట. రెండు విస్తళ్లును ఒకే వానక్రింద వడ్డింపఁబడినవి. ఒకదాని వెనుకఁ జెఱువున్నది, రెండవదాని వెనుక మబ్బు మాత్రమే యున్నది.

ఈ రెండు విస్తళ్లను నేఁటి దేశస్థితి ప్రక్కనుంచి చూచుట వ్యర్థము కాదు. 1966లో భారతదేశము దాదాపు కోటి టన్నుల ధాన్యము నోడలపైఁ దెప్పించుకొనవలసివచ్చెను. నేఁడు వరిబియ్యము నెగుమతి చేయుటలో మన దేశమే ప్రపంచమునఁ బ్రథమము. కలమాన్నమునకుఁ గొఱఁత తీఱినది. కాని విష్ణుచిత్తుని పప్పులోఁ గొంతయు, రెడ్ల కూరలోని నూనెవంటి వంటనూనెలలో సగమునకుఁ బైగాను విదేశములనుండియే వచ్చుచున్నవి. ఆరికయో, ఐక్యరాజ్యసమితి 2023ను చిఱుధాన్యముల సంవత్సరముగాఁ బ్రకటించిన పిమ్మటఁ గొంత మర్యాద నొందినను, నీటిపంటలకుఁ గలిగిన యాదరమును బొందలేదు. గుంటలు, కాలువలు చెప్పిన పద్యమునకు ఫలము గలిగెను. జడివానపద్యము నింకను వర్ణనముగానే చదువుచున్నారు.

అయినను మెట్టరైతును రాయలు నీతిలో బొత్తిగా మఱచెననుట న్యాయము కాదు. ప్రజలు నవసి యూరు విడిచి పోయినప్పుడు, వారిని బిలువక, వారి పసులను గొలుచును అమ్ముకొని, యిండ్లను వంటకట్టెలకు వాడుకొను నధికారిగల రాజు ఎంత నేల గెలిచినను సిరి నొందఁడని యాతఁడే చెప్పెను. ఊరు విడుచువాఁ డెవఁడు? చెఱువు క్రింది రైతు సులభముగా లేవఁడు. మబ్బును నమ్మి మోసపోయినవాఁడే గోఁచి బిగించి బయలుదేరును. కావున నీ పద్యమును మెట్టరైతుపక్షమునఁ జెప్పినదానిగా నన్వయించుట యుచితము. పసులు పోయినచో దుక్కి లేదు, కొలుచు పోయినచో విత్తనము లేదు, ఇల్లు కాలినచోఁ దిరిగి వచ్చు తావు లేదు. మరుసటి వాన కురిసినను దున్నువాఁడుండఁడు. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన మహాక్షామమున బళ్లారి, కర్నూలు, కడప మండలములు, అనఁగా రాయల యేలుబడి నడిబొడ్డు, మిక్కిలి నశించినవి. ఆ యేండ్లలోనే దేశపు రేవులనుండి ధాన్యము విదేశములకు నెగుమతి యగుచుండెను.