ముసుగు వారసత్వము: చిత్రకథలలో విలోమనాయకులు

మన ఆలంకారికులు నాయకుని ధీరోదాత్తాది భేదములతో నాలుగు విధములుగ విభజించి, ఒక్కొక్కనికి ఒక్కొక్క స్వభావమును నిర్ణయించిరి. అయితే ఒకే పేరును, ఒకే ముసుగును వేర్వేరు వ్యక్తులు ఒకరి తరువాత ఒకరు ధరించు కథలో నాయకుడెవడు? ధరించినవాడా, ధరింపబడిన ముసుగా? ఆంగ్ల చిత్రకథలలో ఈ ప్రశ్నకు తావిచ్చు రెండింటిని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. వాని నాయకులను పాశ్చాత్యులు యాంటీహీరోలందురు. ప్రతినాయకుడు వేరు, ఇతడు వేరు. కథకు కేంద్రమై నిలిచియు నాయకోచిత ధర్మమును పాటింపనివాడగుటచే ఇతనిని విలోమనాయకుడని వ్యవహరించుచున్నాను.

ముందుగా ఒక కొలమానము అవసరము. లీ ఫాక్ 1936లో ప్రారంభించిన 'ఫాంటమ్' కథలో ముసుగు తండ్రినుండి కుమారునకు సంక్రమించుచు ఇరువదియొకటవ తరమునకు చేరినది. మూలపురుషుడు తన తండ్రిని చంపినవాని కపాలముపై చేసిన ప్రతిజ్ఞనే ప్రతి వారసుడును చేయును. లోకము అతనిని మృత్యువులేని ఒక్కనిగనే భావించును. ఇచట సంక్రమించునది వ్రతము. ముసుగు దాని చిహ్నము మాత్రమే. వ్రతము లేక ముసుగు మాత్రమే సంక్రమించినచో ఏమగును?

మాట్ వాగ్నర్ సృష్టించిన 'గ్రెండెల్' ఈ ప్రశ్నకు ఒక సమాధానము. 1982లో తొలిసారి వెలువడిన ఈ కథలో హంటర్ రోజ్ పగలు ప్రసిద్ధ నవలాకారుడు, రాత్రి గ్రెండెల్ అను పేరుతో హంతకుడు. అతని పెంపుడు కుమార్తె స్టేసీ. ఆమె కూతురు క్రిస్టీన్ స్పార్. క్రిస్టీన్ పత్రికారచయిత్రి, హంటర్ జీవితచరిత్రను వ్రాసినది ఆమెయే. 1986లో మొదలైన కథాభాగమున తన కుమారుడు అపహృతుడు కాగా, పగతీర్చుకొనుటకై ఆమె ఆ ముసుగును చేజిక్కించుకొనును. గమనింపదగిన అంశమేమన, ఆమెకు హంటర్‌తో రక్తసంబంధము లేదు. ఉన్నది గ్రంథసంబంధము. ఎవని దుష్కృత్యములను అక్షరబద్ధము చేసెనో వాని వేషమునే ఆమె దాల్చినది. మాతృశోకము నిజమైనది కావున పాఠకుడు ఆమెను ద్వేషింపలేడు. పగ తీరినను ముసుగు వీడదు కావున సమర్థింపనులేడు. ఈ సంకటమే ఈ భాగమునకు ప్రాణము.

ఆమె మరణానంతరము ముసుగు ఆమె ప్రియుడు బ్రయన్ లీ సంగ్‌కు చేరును. అతని ఆలోచనలలో గ్రెండెల్ అను వేరొక శక్తి చొరబడి మాటాడును. ఇట కథాబలము కొంత సడలినదని నా అభిప్రాయము. చేసినది ముసుగే అయినచో చేసినవాని బాధ్యత ఎక్కడ? ఆ శక్తి హింసాప్రవృత్తికి ప్రతీక యని సమాధానము చెప్పవచ్చును. కాని ప్రతీక పాత్రయొక్క సంకల్పమును హరించినచో, మిగులునది ఆవేశమే కాని శీలము కాదు.

ఆలన్ మూర్ రచించి డేవిడ్ లాయిడ్ చిత్రించిన 'వి ఫర్ వెండెట్టా' 1982లో ఆరంభమై, నడుమ ఆగి, 1989లో పూర్తియైనది. ఫాసిస్టు ప్రభుత్వమును ధ్వంసము చేయు 'వి' గై ఫాక్స్ ముఖరూపమును ధరించును. అతడు మరణించినపుడు శిష్యురాలు ఈవీ ఆ ముసుగును తొలగించి ముఖమును చూడనెంచి, మానుకొని, తానే దానిని ధరించును. అయితే చంపుట తన పని కాదని ఆమె ముందే నిశ్చయించుకొన్నది. వారసత్వమున కొంత గ్రహించి, కొంత త్యజించినది. బ్రయన్‌కు లేని స్వేచ్ఛ ఈమెకు కలదు.

ఇట ఒక శంక కలుగును. ఆ స్వేచ్ఛ ఎట్లు లభించినది? ప్రభుత్వ కారాగారమని భ్రమింపజేసి 'వి'యే ఆమెను బంధించి, హింసించి, భయవిముక్తను గావించెను. బలాత్కారముచే లభించిన స్వేచ్ఛ స్వేచ్ఛయగునా? ఆమె అతనిని క్షమించుటతో కథ ఈ ప్రశ్నను దాటిపోవును కాని, తీర్చదు. ఇది లోపమే. అయినను చంపనన్న ఆమె నిరాకరణము గురువు నేర్పినది కాదు, అతని మార్గమునకే విరుద్ధము. కావున అది ఆమె స్వార్జితమని అంగీకరింపవలెను.

కావున ఇట్టి కథల గుణనిర్ణయమునకు నేను ప్రతిపాదించు ప్రమాణమిది: వారసుడు ముసుగును ఎట్లు పొందెనని కాక, దానిలో దేనిని నిరాకరింపగలిగెనని విచారింపవలెను. నాయకభేదములను బోధించు మనకు క్రిస్టీన్ కథ మరియొక హెచ్చరిక. దుష్టుని ఆకర్షణను వర్ణించు విమర్శకుడు వానికి వెలుపల నిలిచియున్నానని తలంచును. ఆమెయు చరిత్ర వ్రాయునపుడు అట్లే తలంచియుండును. విలోమనాయకులపై పరిశోధన చేయు విద్యార్థులు తమ రచనలో వ్యాఖ్యానము ఎచట ముగిసి ఆరాధన ఎచట మొదలగుచున్నదో పరీక్షించుకొనుట అవసరము.