ఇత్తడి చక్రాల్లో ఆటుపోట్లు

లండన్ సైన్స్ మ్యూజియం సేకరణలో 1872-73 నాటి యంత్రం ఒకటుంది. దాన్ని చూసినవాళ్ళెవరికీ సముద్రం గుర్తుకు రాదు. అందులో నీళ్ళు లేవు, అల లేదు, ఒడ్డు లేదు. వరసగా ఇత్తడి చక్రాలు, పైనా కిందా గిలకలు, వాటన్నిటినీ చుట్టుకుంటూ పోయే ఒకే ఒక్క తీగ, ఆ తీగ కొసన కలం. పిడి పట్టుకుని తిప్పితే కలం కాగితం మీద వంపులు వంపులుగా గీత గీస్తుంది. ఒక రేవులో రాబోయే ఏడాదంతా ఏ గంటకు నీళ్ళు ఎంత ఎత్తున ఉంటాయో ఆ గీత చెబుతుంది. తర్వాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా పేరుపొందిన విలియం థామ్సన్ దీన్ని రూపొందించారు. లండన్‌లోని లెజే సంస్థ తయారుచేసింది. ఏడాది గీతకు సుమారు నాలుగు గంటలు చాలు.

శాస్త్రం కల్పించే నమూనాకూ వాస్తవానికీ సంబంధం ఎలాంటిదో తెలుసుకోవాలనుకునేవారికి నేను ముందుగా ఈ యంత్రాన్నే చూపిస్తాను. దాని భాగాలు ఒక్కొక్కటే చూద్దాం.

చంద్రుడు ఒకే దూరంలో, ఒకే వేగంతో, భూమధ్యరేఖకు సూటిగా పైన తిరిగేవాడైతే అతని వల్ల 12 గంటల 25 నిమిషాలకొక పోటు వచ్చేది. సూర్యుడూ అలాగే ఉంటే సరిగ్గా 12 గంటలకొకటి. కానీ చంద్రుడు దగ్గరికొస్తాడు, దూరం జరుగుతాడు, ఉత్తరానికీ దక్షిణానికీ వాలుతాడు. థామ్సన్ పద్ధతి ప్రకారం ఇలాంటి ప్రతి వంకరకూ ఒక ఊహాచంద్రుణ్ణి కల్పించుకోవాలి. ఆ ఊహాచంద్రుడు ఎన్నడూ వేగం మార్చడు. ఒకడి వల్ల 12.66 గంటలకొక పోటు వస్తుంది, మరొకడి వల్ల 23.93 గంటలకు, ఇంకొకడి వల్ల 25.82 గంటలకు. ఆకాశంలో ఎంత వెతికినా వీళ్ళు కనిపించరు. యంత్రంలో మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కో చక్రం ఉంటుంది. ఆ మొదటి యంత్రంలో పది.

ఇలాంటి యంత్రాల్లో ఒక చక్రం పనితీరు ఇది. చక్రం ముఖాన ఒక పిన్ను ఉంటుంది. దాన్ని కేంద్రానికి దగ్గరగానో దూరంగానో జరిపి మర బిగించవచ్చు. పిన్ను గుండ్రంగా తిరుగుతుంది, మనకు కావలసింది మాత్రం పైకీ కిందికీ కదలిక ఒక్కటే. అందుకని పిన్నును అడ్డంగా ఉన్న గాడిలో కూర్చోబెడతారు. పక్కలకు జరిగే కదలికంతా గాడిలోనే తీరిపోతుంది. నిలువు కదలిక మాత్రం గాడి ఉన్న చట్రాన్ని ఎత్తుతుంది, దించుతుంది. ఆ చట్రానికే గిలక. గిలక ఒక అంగుళం లేస్తే దానికి రెండు పక్కలా ఉన్న తీగ అంగుళం చొప్పున లాక్కుంటుంది, కలం రెండంగుళాలు కదులుతుంది. ఇది లెక్కలో పెట్టుకునే పిన్ను దూరాన్ని సగానికి తగ్గించి బిగిస్తారు.

తీగ ఒక కొస కదలకుండా కట్టి ఉంటుంది కాబట్టి గిలకల ఎగుడుదిగుడులన్నీ కలం దగ్గర తమంతట తామే కూడికై తేలతాయి. ఈ కూడిక ఎలా చేయించాలన్నది థామ్సన్‌కు పెద్ద చిక్కయింది. 1872లో బ్రైటన్‌లో జరిగే శాస్త్రవేత్తల సమావేశానికి రైల్లో వెళుతుండగా ఇంజనీరు బీచమ్ టవర్ దానికి దారి చూపారు. గిలకల మీదుగా గొలుసు నడిపే వీట్‌స్టన్ టెలిగ్రాఫ్ అమరిక ఆయనకు గుర్తొచ్చింది.

ఇక పళ్ళ లెక్క. నా దృష్టిలో అసలు పనితనం ఇక్కడే ఉంది. చంద్రుడి చక్రం సూర్యుడి చక్రం వేగానికి 0.9661368 రెట్ల వేగంతో తిరగాలి. పళ్ళేమో పూర్ణాంకాలు, అరపన్ను కోయలేం. 57 పళ్ళకు 59 పళ్ళు జత చేస్తే నిష్పత్తి దగ్గరగానే వస్తుంది, కానీ ఏడాది తిరిగేసరికి చక్రం తొమ్మిది డిగ్రీలు వెనకబడుతుంది. అంటే పోటు 19 నిమిషాలు తప్పుతుంది. 83కు 63, 66కు 90 చొప్పున రెండు జతలు కలిపితే 913/945 వస్తుంది. దానితో ఏడాదికి తప్పు అర నిమిషం కూడా ఉండదు. ఆలోచన తీరు చూపడానికి నేను వేసిన లెక్క ఇది. థామ్సన్ యంత్రానికి ఇటువంటి నిష్పత్తులన్నీ లెక్కగట్టినవారు ఎడ్వర్డ్ రాబర్ట్స్.

ఇప్పుడు ఒక సంగతి గమనించండి. ఆకాశం నుంచి వచ్చిన వేగాలు పళ్ళలో కోసేశారు, వాటిని ఎవరూ మార్చలేరు. రేవును బట్టి మారేవి మాత్రం మరతో బిగించేలా వదిలారు. ఒక్కో చక్రానికి రెండే సంఖ్యలు, పిన్ను దూరం, మొదలుపెట్టే కోణం. పెద్ద పోటు రోజుల్లో విశాఖలో నీటిమట్టం తేడా సుమారు మీటరున్నర, భావ్‌నగర్‌లో ఎనిమిది మీటర్లు దాటుతుంది. తీరం వంపు, సముద్రం లోతు, అడుగున ఒరిపిడి అన్నీ కలిసి తెచ్చిన ఈ తేడా మొత్తం ఆ సంఖ్యల్లోనే ఇమిడిపోతుంది. ఆ సంఖ్యలను సిద్ధాంతం చెప్పలేదు. రేవులో నిలువు గొట్టం దింపి, నీటి మట్టాన్ని నెలల తరబడి నమోదు చేసి, అందులోంచి రాబట్టాలి. చంద్రుడి కక్ష్య 18.6 ఏళ్ళకు పూర్తిచేసే ఊగిసలాటకు కూడా చక్రం పెట్టలేదు, ఏటా పిన్నును కాస్త సరిదిద్దుతారు. చేత్తో సరిపోయేదానికి ఇత్తడి దేనికన్న ఆ వివేకం నాకెంతో నచ్చుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీ దండయాత్రకు ముందు ఇంగ్లండ్‌లోని బిడ్‌స్టన్‌లో పోటు లెక్కల నిపుణుడు ఆర్థర్ డూడ్సన్‌కు తీరం పేరు చెప్పకుండా, 'స్థానం జెడ్' అన్న గుర్తుతో 11 జతల సంఖ్యలు పంపారు. ఆయన వాటిని ఇలాంటి యంత్రంలోనే బిగించి పోటు వేళలు తీశారు. తీరం పేరు, రూపు యంత్రానికి అవసరమే లేదు.

భారత ప్రభుత్వం కోసం రాబర్ట్స్ రూపకల్పనతో 1879లో ఇంకా పెద్ద యంత్రం తయారైంది. అది ఇంగ్లండ్‌లోనే ఉండేది, మన రేవుల గీతలు అక్కడే గీసేవారు. 1883 ఆగస్టు 27న క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు మన తీరంలోని నమోదు పరికరాలు ఆ అలలను పట్టుకున్నాయి. యంత్రం గీతలో అవి లేవు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన కూడా ఏ పోటు పట్టికలోనూ లేదు. గాలికి, పీడనానికి, అగ్నిపర్వతానికి ఇందులో చక్రం లేదు. దీన్ని నేను లోపమనను. నమోదైన మట్టంలోంచి యంత్రం చెప్పిన మట్టం తీసేస్తే మిగిలేదే ఉప్పెన కొలత. పోటు కచ్చితంగా తెలిసి ఉంటేనే ఆ తీసివేత కుదురుతుంది.

సర్వే ఆఫ్ ఇండియా వెలువరించే పోటు పట్టికలకు ఈనాడు ఇత్తడి చక్రాలు అక్కర్లేదు. కంప్యూటర్ చేసే కూడికలో ఉన్నది ఆ ఊహాచంద్రులే, ఆ వేగాలే.