సగం పని ఏ సిస్టమ్‌లో ఉంది?

మా టీమ్‌లో ఒకమ్మాయి శుక్రవారం ఆఫీసు డెస్క్‌టాప్‌లో తేదీల లెక్క సరిచేస్తూ సగంలో ఆపి వెళ్లింది. ఆదివారం ఇంట్లో లాప్‌టాప్ తెరిస్తే ఆ మార్పులు లేవు. గుర్తున్నంత మేరకు మళ్లీ రాసింది. సోమవారానికి ఒకే ఫంక్షన్ రెండు రకాలుగా తయారైంది. ఏది ఉంచాలో తేల్చేసరికి ఓ పూట పోయింది. ‘స్టాష్ చేశాను కదండీ’ అని ఆమె అంటుంటే బాధనిపించింది. మంచి పనిమంతురాలు.

గిట్‌లో సగం పనిని పక్కన దాచే ఈ స్టాష్ ఆ సిస్టమ్ గడప దాటదు. గిట్ పుష్ కొడితే బ్రాంచ్ వెళ్తుంది, స్టాష్ అక్కడే ఉండిపోతుంది. పైగా అప్పుడే కొత్తగా పెట్టిన ఫైళ్లు, ‘మైనస్ యు’ ఇవ్వకపోతే, స్టాష్‌లోకి ఎక్కను కూడా ఎక్కవు.

చిన్న చిన్న కమిట్లు చేయండని నేనెంతగా పోరుతానో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. ఈసారీ ఆ పాటే అందుకోబోతుంటే, గిట్‌కు ముందు మేం వాడిన విజువల్ సోర్స్‌సేఫ్ గుర్తొచ్చింది. అందులో ఒకరు ఫైలు చెకౌట్ చేస్తే తాళం పడేది, రెండోవాళ్లు ముట్టుకోవడానికి లేదు. తాళం వేసి సెలవు పెట్టినవాళ్లుంటే అడ్మిన్‌ను బతిమాలుకోవాలి. లినక్స్ కెర్నెల్ కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రాసిన గిట్ మా దాకా వచ్చాక ఆ చెర వదిలింది. ఎవరి కాపీ వాళ్లదే. ఆ తాళాన్ని ఇన్నేళ్లూ తిడుతూనే వచ్చాను. కానీ తాళం పడ్డ ఫైలు ప్రాపర్టీస్ తెరిస్తే దాన్ని ఎవరు తీశారో, ఏ కంప్యూటర్‌లో, ఏ ఫోల్డర్‌లో ఉందో కనిపించేది. సగం పని ఎక్కడుందో సోర్స్‌సేఫ్‌కి తెలిసేది. గిట్ స్టేటస్‌కి తను కూర్చున్న ఫోల్డర్ సంగతి తప్ప ఇంకేమీ తెలియదు. తాళంతో పాటు ఆ వివరాన్నీ పోగొట్టుకున్నాం.

అందుకే క్రమశిక్షణ పాఠం ఈసారి చెప్పను. ఇది మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన పని కాదు, స్క్రిప్టు చేయాల్సిన పని. రోజూ సాయంత్రం, కోడ్ కంపైల్ కాకపోయినా సరే, ఉన్నది ఉన్నట్టు సిస్టమ్ పేరు పెట్టిన వేరే బ్రాంచ్‌లోకి పుష్ కావాలి. పొద్దున ఇంకో చోట ఫెచ్ కొడితే ఆ పేరు కంటబడుతుంది. పాస్‌వర్డ్ల ఫైళ్లు మాత్రం గిట్ఇగ్నోర్‌లో ఉండాలి. రిపోజిటరీని తీసుకెళ్లి డ్రాప్‌బాక్స్‌లో పెట్టకండి, రెండు చోట్లా ఒకేసారి మారితే పాడవుతుంది.

టీమ్ లీడ్లకు నా మనవి ఒకటే. కొత్తగా చేరినవాళ్లకు లాప్‌టాప్ ఇచ్చే రోజే ఆ స్క్రిప్టు అందులో పెట్టి ఇవ్వండి.