లూటీ అన్న మాట ఎవరి మీద పడింది?

ఇంగ్లీషువాడు మన సొమ్మునే కాదు, లూటీ అనే మాటను కూడా లూటీ చేశాడని సభల్లో తరచు వింటుంటాం. చప్పట్లు కూడా పడతాయి. కంపెనీ పాలన మీద విలియం డాల్రింపుల్ 2019లో అచ్చువేసిన ‘ది అనార్కీ’ మొదలయ్యేదే ఈ మాటతో. ఇంగ్లీషులో చేరిన మొట్టమొదటి భారతీయ పదాల్లో ఇదొకటని ఆయన అంటాడు. ఇది నిలిచే మాట కాదు. కోళిక్కోడు రేవు పేరు మీద పుట్టిన ‘కాలికో’ అనే బట్ట పేరు 16వ శతాబ్దంలోనే ఇంగ్లీషులో ఉంది. అయినా ముందు వెనకల లెక్క చిన్న విషయం. ఆ మాట ఎవరిని తిట్టడానికి అక్కడికి వెళ్లిందన్నదే పెద్ద విషయం.

పుట్టుక సంగతి చెప్పుకుందాం. యూల్, బర్నెల్ కలిసి 1886లో తెచ్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు దీన్ని హిందీ ‘లూట్’ అని గుర్తించి, సంస్కృతంలో ‘లుప్’ ధాతువు దాకా తీసుకెళ్లింది. 1903 కూర్పులో క్రూక్ దాన్ని ‘లుంట్’ అని సవరించాడు. లుంఠనం, లుంఠాకుడు అన్న మాటలు తెలిసిన తెలుగువాడికి ఈ సవరణే సబబు అనిపిస్తుంది. 1788లో లండన్‌లో వెలువడిన ఒక చిన్న పదకోశంలోనూ ‘లూట్’ ఉంది.

అదే నిఘంటువులో పక్కనే ‘లూటీవాలా’ అనే మాట కూడా ఉంది. మైసూరు రౌతులు, పిండారీలు, దేశీ సైన్యాల వెంట వచ్చే దండు - వీళ్లంతా కంపెనీవాళ్ల కాగితాల్లో లూటీవాలాలు. 1816లో పిండారీలు గుంటూరు సీమ మీద పడ్డారు. అది నిజంగా లూటీయే, ఊళ్లు తగలబడ్డాయి. మరి 1818 మే నెలలో కంపెనీ సేన మన చాందా కోటను పగలగొట్టింది. ఆ దక్కన్ యుద్ధాల్లో చిక్కిన సొత్తుకు మాత్రం లూట్ అని పేరు పెట్టలేదు, ‘ప్రైజ్’ అన్నారు. అంటే యుద్ధంలో పట్టుకున్న సొత్తు. దాన్ని ఎవరికెంత పంచాలన్న తగువు లండన్‌లో ఏళ్ల తరబడి నడిచింది. ఎదటివాడు దోస్తే లూటీ, తాను దోస్తే ‘ప్రైజ్’. నిఘంటువు ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూపదు. అక్కడే నా అభ్యంతరం.

1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషువాళ్లు ఈ మాటను తమ పనికి కూడా సిగ్గుపడకుండా వాడుకోసాగారు. 1860లో ఇంగ్లీషు, ఫ్రెంచి సేనలు బీజింగ్‌లోని చక్రవర్తి వేసవి నగరును దోచుకున్నాయి. అక్కడ దొరికిన ఒక బుల్లికుక్కను తెచ్చి విక్టోరియా రాణికి ఇచ్చారు. దానికి పెట్టిన పేరు ‘లూటీ’! మాట ముద్దుపేరు అయిపోయింది.

సరిగ్గా ఆ 1860లోనే సిరోంచా చేతులు మారింది. నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను - సిరోంచా, నూగూరు, ఆల్బాక, చెర్ల, భద్రాచలం, రేకపల్లి - ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు. బదులుగా రాయచూరు దోఆబు తిరిగొచ్చింది, 50 లక్షల అప్పు కొట్టివేశారు. నదిలో పడవల మీద పత్తి దించుకోవాలన్నది ఇంగ్లీషువాళ్ల ఆశ. సిరోంచా ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్నమైంది. 1874లో ఆ జిల్లా రద్దయింది, సిరోంచా చాందాలో కలిసింది. ఇదంతా ఒప్పందం, సంతకం, ముద్ర. ఎవరూ దీన్ని లూటీ అనలేదు, కత్తి దూయలేదు గనక అనడానికీ లేదు. కాని ఒడ్డున ఉన్న ఊళ్లను అడిగినవాడు లేడు. లూటీ అన్న మాట ఇక్కడ చాలదు. దానికి గుర్రాలు కావాలి, మంటలు కావాలి.

మన తెలుగు ఇక్కడ ఇంకాస్త ముందుకెళ్లింది. ‘కొల్ల’ అన్న అచ్చతెనుగు మాట ‘కొను’తో ఒకే మూలం నుంచి వచ్చిందని ద్రావిడ భాషావేత్తలు అంటారు. తీసుకోవడమే రెండింటికీ మూలార్థం. వెల ఇచ్చి తీసుకుంటే కొనడం, ఇవ్వకుండా తీసుకుంటే కొల్లగొట్టడం. ఇక దోచు నుంచి వచ్చిన ‘దోపిడి’ మొదట దారికాచే దొంగల పనే. గత శతాబ్దంలో వామపక్ష రచయితలు దాన్ని కూలీకి, వడ్డీకి, కాంట్రాక్టుకు వర్తింపజేశారు. కత్తి లేకుండా, కాగితం మీద జరిగే లూటీకి అలా తెలుగులో పేరు దొరికింది. ఇంగ్లీషులో దానికి వేరే మాట వెతుక్కోవాలి, ‘లూట్’ అంత దూరం రాలేదు.

మన జిల్లాలోనే ఉత్తరాన, ధానోరా తాలూకాలో మేండా లేఖా ఉంది. అక్కడి వెదురు మీద ఏళ్ల పాటు కాగితం మిల్లుకు లీజు ఉండేది. ఊరివాడు దాన్ని నరికి అమ్ముకుంటే మాత్రం నేరం. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2009లో దాదాపు 1,800 హెక్టార్ల మీద సామూహిక హక్కు ఆ గ్రామసభకు దక్కింది. 2011లో వాళ్లు తమ వెదురును తామే అమ్ముకున్నారు. వెదురు మారలేదు, అడవి మారలేదు. నిన్న చోరీ అని రాసుకున్నది నేడు హక్కయింది.

అందుకే సరిహద్దు మీద రాసే మిత్రులకు ఒక మనవి. లూటీ, కొల్ల, దోపిడీ - ఈ మూడింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నాం. టునికాకు కట్టకు తక్కువ కట్టిచ్చినా లూటీయే, సంతలో జేబు కొట్టినా లూటీయే అయితే, ఏది ఏదో పాఠకుడికి తెలియదు. పిండారీ పనికి లూటీ అనండి. కాగితం చేసిన పనికి దోపిడీ అనండి, ఏ కాగితమో, ఏ ఏడాదో కూడా రాయండి. మన మాటను ఎవరు పట్టుకుపోయారన్న లెక్క కన్నా, అది ఇప్పుడు మన చేతిలో ఎలా ఉందన్నది మనకు ఎక్కువ అవసరం.